పేరు పెట్టిందెవరు? - పంచమ నుంచి దళిత దాకా

మాట మార్చినంత మాత్రాన బతుకు మారుతుందా అని అడిగేవాళ్లు మనకి రెండు వైపులా ఉన్నారు. ఒకరు మనవాళ్లే. కూలి రేటు, భూమి, బావి, శ్మశానం లాంటి సమస్యలు అట్లాగే ఉండగా పేర్ల గొడవ ఎందుకని విసుగుతో అడుగుతారు. రెండోవాళ్లు అగ్రవర్ణ మేధావులు. ఏం మాట్లాడినా తప్పే అంటున్నారు, ఇక నోరు మూసుకోవాల్సిందే అని వాపోతారు. 1990 ప్రాంతంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో జరిగిన వివాదాల ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చిన 'పొలిటికల్ కరెక్ట్‌నెస్' అనే మాటని వీళ్లు అరువు తెచ్చుకుని మన మీద ప్రయోగిస్తున్నారు. అదేదో పరాయి దేశపు చదువుకున్నోళ్ల ఫ్యాషన్ అయినట్టు, మనం దాన్ని నిన్నగాక మొన్న నేర్చుకున్నట్టు మాట్లాడతారు.

తెలుగు నేల మీద ఈ చర్చ వందేళ్లకి పైగా నడుస్తోంది. దాన్ని నడిపింది అంటరానివాళ్లుగా చూడబడిన మాల, మాదిగ, రెల్లి తదితర కులాల జనమే. ఆ చరిత్రని వరసగా చూస్తే ఒక విషయం బోధపడుతుంది. ఒక మాట మర్యాదగా ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ పేరు ఎవరు పెట్టారు, పెట్టేముందు ఎవరిని అడిగారు, ఆ పేరుతో పిలిచిన తర్వాత పిలిచినవాడి మీద ఏ బాధ్యత పడింది అన్న మూడు విషయాల మీదనే దాని విలువ తేలుతుంది.

1. పంచమ: మర్యాద కోసం వచ్చిన మాటే

ఈనాడు 'పంచమ' అనే మాట వింటే మనకి ఒళ్లు మండుతుంది. కానీ అది తిట్టుగా పుట్టిన మాట కాదని గుర్తుంచుకోవాలి. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు రాజధానిలో 'పరయా' అనే మాట ఇంగ్లీషు వాళ్ల నోట్లో కూడా నీచార్థంలో స్థిరపడిపోయింది. దానికి బదులు కాస్త గౌరవంగా వినిపించే మాట కావాలని ప్రభుత్వ అధికారులు, సంస్కర్తలు 'పంచమ' అనే మాటని వాడుకలోకి తెచ్చారు. దివ్యజ్ఞాన సమాజానికి చెందిన కర్నల్ ఆల్కాట్ 1894 నుంచి మద్రాసులో పెట్టిన బడులకి కూడా పంచమ పాఠశాలలు అనే పేరు. అంటే ఆ కాలానికి అదే 'సరైన' భాష అన్నమాట.

పంచమ అంటే ఐదోవాడు. నాలుగు వర్ణాల లెక్క అయిపోయాక మిగిలినవాడు. పిలుపులో కరుకుదనం తగ్గింది గానీ వర్ణ వ్యవస్థ అనే కొలబద్ద చెక్కుచెదరలేదు. మనుషుల్ని ఆ కొలబద్దతోనే కొలిచి, చివర్న ఒక స్థానం చూపించారు. మర్యాద కోసం పుట్టిన ఈ మాట ఇరవై, ముప్పై ఏళ్లు తిరక్కుండానే తిట్టుగా మారిపోయింది. పాత మాట పలికిన నోళ్లే కొత్త మాట పలికాయి, ఆ నోళ్ల వెనకున్న చూపు మారలేదు. అట్లాంటప్పుడు మాట మైలపడక ఏమవుతుంది?

2. ఆది ఆంధ్ర, ఆది హిందూ: సొంతంగా పెట్టుకున్న పేర్లు

1917 నవంబరులో బెజవాడలో ఒక మహాసభ ఏర్పాటయింది. గూడూరు రామచంద్రరావు వంటి అగ్రవర్ణ సంస్కర్తలు దాని నిర్వహణలో ఉన్నారు. దానికి ముందుగా అనుకున్న పేరు ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన మాదరి భాగ్యరెడ్డి వర్మ మొట్టమొదట ఆ పేరునే ప్రశ్నించాడు. పంచమ అనే మాటకి పురాణాల్లో గాని శాస్త్రాల్లో గాని ఆధారం లేదనీ, పంచములుగా పిలవబడుతున్నవాళ్లు ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నవాళ్లనీ, ఒకప్పుడు ఏలినవాళ్లనీ వాదించాడు. సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. సభ జరిగిన మూడు రోజులూ ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ గుడిని మూసేశారు. పేరు మార్పు వట్టి మాటల వ్యవహారమని అనుకునేవాళ్లు, ఆ గుడి తలుపులు ఎందుకు మూసుకున్నాయో ఆలోచించాలి.

భాగ్యరెడ్డి వర్మ పేరే ఈ చరిత్రలో ఒక ముఖ్య ఆధారం. 1888లో హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టినప్పుడు ఆయన భాగయ్య. రెడ్డి అంటే రేడు, ఏలినవాడు అని చెప్పి కుటుంబ గురువు ఆయన్ని భాగ్యరెడ్డి చేశాడు. 1913లో ఆర్యసమాజం వర్మ అనే బిరుదు ఇచ్చింది. తెలుగులో ఒక మనిషి అంతస్తు తెలియాలంటే కులం పేరు ఎత్తక్కర్లేదు. పేరు చివర 'గాడు' అంటున్నారా 'గారు' అంటున్నారా, 'రా' అంటున్నారా 'రండి' అంటున్నారా చాలు. తల నెరిసిన పాలేరుని దొరగారి పదేళ్ల కొడుకు 'ఒరే' అని పిలవడం, ఆ పాలేరు ఆ పిల్లాణ్ణి 'చినబాబుగారూ' అనడం మా తాతల తరం రోజూ చూసిందే. అట్లాంటి చోట ఒక మాల మనిషి ఏలినవాళ్ల పేరు తగిలించుకున్నాడంటే దాన్ని వట్టి అనుకరణ అని కొట్టిపారెయ్యలేం. పిలిచేవాడి నోటిని బలవంతంగానైనా వంచే ప్రయత్నం అందులో ఉంది.

మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా 1922లో ఒక తీర్మానం పెట్టాడు. ప్రభుత్వ కాగితాల నుంచి పరయా, పంచమ అనే మాటలు తీసేసి, తమిళ ప్రాంతంలో ఆది ద్రావిడ అనీ, తెలుగు ప్రాంతంలో ఆది ఆంధ్ర అనీ రాయాలని అడిగాడు. ఆ ఏడే ప్రభుత్వం ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల నాటికి ఆంధ్ర ప్రాంతపు మాల, మాదిగల్లో దాదాపు మూడోవంతు మంది తమని ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ తదితరుల కృషి వల్ల అదే 1931 లెక్కల్లో ఆది హిందూ అనే పేరుకి గుర్తింపు వచ్చింది. లెక్కలు రాసేవాడి ముందు నిలబడి, నువ్వు రాసే మాట కాదు నేను చెప్పే మాట రాయి అని లక్షల మంది చెప్పిన సందర్భం అది. ఇంతకన్నా పెద్ద భాషోద్యమం తెలుగులో ఏం జరిగింది? వ్యావహారిక భాషోద్యమం గురించి పేజీలకి పేజీలు రాసిన మన సాహిత్య చరిత్రల్లో దీనికి చోటు దొరకలేదు.

అయితే ఇక్కడే ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఆది ఆంధ్ర, ఆది హిందూ సంఘాల నాయకత్వంలో మాలలదే పైచేయి అయింది. మాదిగల్లో చాలామందికి ఆ గొడుగు కింద తమకి నీడ దొరకలేదనిపించింది. అరుంధతీయ అనే పేరుతో విడిగా సంఘాలు పెట్టుకున్నారు. జాంబవంతుడి వంశం, అరుంధతి పుట్టిల్లు అని తమ సొంత కథల్లోంచి తమ పేరు తీసుకున్నారు. సొంతంగా పెట్టుకున్న పేరు కూడా లోపలి ఎక్కువ తక్కువల్ని కప్పెయ్యగలదని ఆనాడే తేలింది.

3. హరిజన: అడగకుండా ఇచ్చిన పేరు

గాంధీ 1932లో హరిజన అనే మాటని ఎత్తుకున్నాడు. 1933 ఫిబ్రవరిలో అదే పేరుతో పత్రిక మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం డిసెంబరులో హరిజన యాత్ర పేరిట ఆంధ్రలో ఊరూరా తిరిగాడు. గాంధీ ఉద్దేశంలో ప్రేమ లేదని నేను అనను. ప్రశ్న అది కాదు. పదహారేళ్ల కిందట బెజవాడలో తమ పేరు తామే నిర్ణయించుకున్న జనానికి మళ్లీ ఇంకొకరు పేరు పెట్టారు. ఆది ఆంధ్ర అనే మాటలో ఈ నేల మాది అనే వాదన ఉంది. అది భూమి మీద హక్కు దగ్గరికి తీసుకుపోతుంది. హరిజన అనే మాటలో దేవుడున్నాడు, దయ ఉంది, సేవ ఉంది. హక్కు అడిగే చోటు లేదు. మేం దేవుడి బిడ్డలమైతే మీరెవరి బిడ్డలు అని మనవాళ్లు వేసిన ప్రశ్నకి ఇప్పటిదాకా సరైన జవాబు రాలేదు.

1938 జనవరిలో బొంబాయి శాసనసభ ముందుకి స్థానిక సంస్థల చట్ట సవరణ బిల్లు వచ్చింది. అందులో షెడ్యూల్డు కులాలకి బదులు హరిజన అనే మాట వాడారు. అంబేద్కర్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యులు దాన్ని తొలగించాలని పట్టుబట్టారు. ఎవరిని ఆ పేరుతో పిలుస్తున్నారో వాళ్ల ప్రతినిధులే వద్దంటున్నా కాంగ్రెసు మెజారిటీ వినలేదు. అంబేద్కర్ తన సభ్యులతో సహా సభ నుంచి బయటికి నడిచాడు. మర్యాద అనేది ఇచ్చేవాడి తృప్తి కోసం కాదు గదా! పుచ్చుకునేవాడు వద్దన్న తర్వాత కూడా బలవంతంగా ఇచ్చేదాన్ని మర్యాద అని ఎట్లా అంటాం?

ఆ మాట మన ఊళ్లలో ఎట్లా స్థిరపడిందో అందరికీ తెలుసు. మాలపల్లి, మాదిగ గూడెం అనే చోట హరిజనవాడ అని బోర్డు వచ్చింది. ఊరికీ వాడకీ మధ్య దూరం ఒక్క గజం కూడా తగ్గలేదు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 1982 ఫిబ్రవరిలో, కుల ధ్రువీకరణ పత్రాల్లో హరిజన అనే మాట రాయవద్దని రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. 2017 మార్చిలో సుప్రీంకోర్టు కూడా, ఈ మాటని నేడు మనుషుల్ని అవమానించడానికి వాడుతున్నారనీ, అది నేరం కిందికి వస్తుందనీ చెప్పింది. దేవుడి బిడ్డలు అనే అర్థమున్న మాటకి పట్టిన గతి ఇది. పంచమ విషయంలో జరిగిందే హరిజన విషయంలోనూ జరిగింది.

4. షెడ్యూలు: పత్రాల్లో ఉన్న పేరు

అంబేద్కర్ పేర్ల విషయాన్ని ఎన్నడూ చిన్నగా చూడలేదు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి ఇచ్చిన అనుబంధ పత్రంలో డిప్రెస్డ్ క్లాసెస్ అనే పేరు మార్చమని అడిగాడు. అణగారినవాళ్లు, నిస్సహాయులు అనే అర్థం వచ్చే ఆ పేరుకి బదులు నాన్ కాస్ట్ హిందూస్, ప్రొటెస్టెంట్ హిందూస్, నాన్ కన్‌ఫర్మిస్ట్ హిందూస్ అనే పేర్లని సూచించాడు. వాటిలో ప్రతిదానికీ వ్యవస్థని ఎదిరించినవాళ్లు అనే ధ్వని ఉంది. ప్రభుత్వం వాటిని తీసుకోలేదు. 1935 చట్టంలో షెడ్యూల్డు కులాలు అనే మాట వచ్చింది, 1936లో జాబితా వచ్చింది.

షెడ్యూలు అంటే పట్టిక. అందులో ప్రేమా లేదు, తిట్టూ లేదు. దాని బలం వేరే చోట ఉంది. ఆ మాట వెంట సీటు, ఉద్యోగం, స్కాలర్‌షిప్పు, హాస్టలు వచ్చాయి. పిలిచినవాడి మీద చట్టం బాధ్యత పెట్టిన మొదటి పేరు అది. నాలాగా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లందరూ ఆ పత్రం చేత్తో పట్టుకునే తొక్కారు. మా నాయన తరం 'మేం మాలోళ్లం' అని చెప్పుకునేది. బడికెళ్లిన మా తరానికి 'ఎస్సీలం' అని చెప్పుకోవడం అలవాటయింది. అది సిగ్గుతో వచ్చిందా, ధైర్యంతో వచ్చిందా అంటే రెండూ ఉన్నాయనే చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితాని ఒకసారి తీసి చూడండి. అక్షర క్రమంలో మొదటి పేరు ఆది ఆంధ్ర. దాని కిందనే ఆది ద్రావిడ. ఇంకాస్త కిందికి అరుంధతీయ. మరికాస్త కిందికి వస్తే చండాల. చివరికి దగ్గర్లో పంచమ, పరయా అని పక్కపక్కనే ఉన్నాయి. బెజవాడ సభ 1917లో కాదన్న మాట, మద్రాసు ప్రభుత్వం 1922లో కొట్టేసిన మాట, స్వతంత్ర దేశపు పత్రంలో భద్రంగా కూర్చుంది. పోరాడి తెచ్చుకున్న పేరు, పోరాడి వదిలించుకున్న పేరు రెండూ ఒకే పట్టికలో ఉన్నాయి. మన చరిత్ర ఎవరూ పట్టించుకోని కాగితాల్లో ఎట్లా మిగిలిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

5. దళిత, మాదిగ

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తాగేనీళ్ల చెరువుని పాడుచెయ్యొద్దు అన్నందుకు, మున్నంగి సువార్త తన మీదికొచ్చినవాళ్ల ఎదుట బిందె ఎత్తినందుకు మొదలైన దాడి అది. ఆనాటి పత్రికల్లో ఎక్కువగా కనిపించిన మాట 'హరిజనులు'. సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం దాని ముందు నిలిచారు. మహారాష్ట్రలో 1972లో దళిత్ పాంథర్స్ మోసిన మాట చీరాల శిబిరం మీదుగా తెలుగు పల్లెల్లోకి వచ్చింది. దళిత అంటే నలిపెయ్యబడినవాడు. నలిపినవాడు ఎవరు అనే ప్రశ్న ఆ మాటలోనే ఉంది. హరిజన అనే మాట ఆ ప్రశ్నని దేవుడి మీదికి నెట్టింది. దళిత అనే మాట దాన్ని ఊరి మీదికి తిప్పింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు, వాళ్లని ఊరి నడిమధ్యన ఖననం చేసి ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు. ఆ పేరు కూడా బాధితులు పెట్టుకున్నదే.

1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని చేర్చుకున్నాడు. వేలమంది యువకులు అదే చేశారు. అప్పటిదాకా తిట్టుగా మాత్రమే బయట వినిపించిన మాట సంతకంలోకి ఎక్కింది. దండోరా వేసిన రెండో దెబ్బ దళిత అనే మాటకే తగిలింది. అందరం దళితులమే అంటున్నారు సరే, రిజర్వేషన్లలో ఎవరి వాటా ఎంత అని అది లెక్క అడిగింది. 1997లో వచ్చిన ఏబీసీడీ వర్గీకరణ కోర్టులకెక్కింది, 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. అరుంధతీయ సంఘాలు తొంభై ఏళ్ల కిందట వేసిన ప్రశ్నే ఇది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చి, ఈ పేరు కింద ఆడవాళ్ల గొంతుకి ఎంత చోటిచ్చారనే లెక్క కూడా ముందుకు తెచ్చింది. సొంత పేరుకి ఉండే మేలు ఇదే. దాన్ని పెట్టుకున్నవాళ్లని లోపలివాళ్లు నిలదీయొచ్చు. పైనుంచి ఇచ్చిన పేరు ముందు చేతులు జోడించడమో, సభ వదిలి వెళ్లడమో తప్ప వేరే దారి లేదు.

6. మర్యాద వెనక కులం

1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురి ఎదుట కులం పేరుతో అవమానించడాన్ని నేరం చేసింది. దాని ఫలితం మనం చూస్తూనే ఉన్నాం. కనీసం కొన్ని నోళ్లకి భయం వచ్చింది. అది చిన్న లాభం కాదు. రోజూ తిట్లు తిన్నవాడికి తిట్టు లేని రోజు విలువ తెలుసు.

అయితే భయపడ్డ నోరు ఊరుకోలేదు, వేరే మాటలు వెతుక్కుంది. 'వాళ్లు', 'కాలనీ వాళ్లు', 'కోటా వాళ్లు', 'మెరిట్ లేనివాళ్లు'. ప్రభుత్వ ఇళ్ల పథకంతో వచ్చిన కాలనీ అనే మాట చాలా ఊళ్లలో వాడకి మారుపేరయింది. తమిళనాడు ముఖ్యమంత్రి 2025 ఏప్రిల్‌లో ఆ మాటని ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. హైదరాబాదులో అద్దె ఇంటి ముందు 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డు కనిపిస్తుంది. అందులో కులం పేరు లేదు, తిట్టు లేదు, ఏ చట్టానికీ దొరకదు. కానీ ఎవరిని రావద్దంటున్నారో చదివినవాడికి తెలుసు, రాసినవాడికీ తెలుసు. మర్యాద భాష గురించి ఏడ్చే మేధావులు ఈ మర్యాద గురించి ఎన్నడూ రాయరు.

ప్రభుత్వం సంగతి కూడా చూద్దాం. 1982లో జనం వద్దన్న మాటని అది వద్దంది. 2018 మార్చిలో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ అధికారిక వ్యవహారాల్లో షెడ్యూల్డు కులం అనే రాయాలని, దళిత అనే మాట వాడొద్దని సూచించింది. ఆగస్టులో సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకీ అదే సలహా ఇచ్చింది. కోర్టు ఆదేశాల నేపథ్యంలోనే ఇది జరిగిందన్నారు. రెండు ఉత్తర్వులూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మొదటిది జనం మాట వింది. రెండోది జనం ఎంచుకున్న మాటని తీసేసింది.

ఈ రెండో ఉత్తర్వుకి రెండేళ్ల ముందు, 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి గెంటివేయబడిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. విశ్వవిద్యాలయం భాషలో అది క్రమశిక్షణ చర్య. విద్యార్థులు దాన్ని దాని అసలు పేరుతో పిలిచారు. మెత్తని మాట దాచిపెట్టినదాన్ని పాత కరుకు మాట బయటపెట్టింది. అంటే పాత మాటలన్నీ పారెయ్యాల్సినవీ కాదు, కొత్త మాటలన్నీ నెత్తిన పెట్టుకోవాల్సినవీ కాదు.

ఈ పత్రిక చదివే పరిశోధక మిత్రులకి ఒక విన్నపం. ఇవాళ మనం దళిత అనే మాటని వెనకటి కాలానికంతా పూసేస్తున్నాం. 1917 బెజవాడ సభని దళిత సభ అనీ, 1931లో ఆది హిందువులుగా రాయించుకున్నవాళ్లని దళితులు అనీ రాసేస్తున్నాం. ఉద్దేశం మంచిదే. కానీ పేరు మార్చడమే ఆ సభ చేసిన మొదటి పని. దాని పేరుని మనమే మార్చి రాస్తే, భాగ్యరెడ్డి వర్మ వేదికెక్కి చేసిన వాదన మన చేతులతోనే చెరిపేసినవాళ్లమవుతాం. ఆయా కాలాల్లో మనవాళ్లు తమని తాము ఏమని పిలుచుకున్నారో అదే రాద్దాం. ఎవరు ఏమని పిలిచారో అదీ రాద్దాం. ఎవరు పిలిచారన్నది మాత్రం పక్కనే రాయడం మరిచిపోవద్దు.